కర్త ఎవరు?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో శ్రీకృష్ణపరమాత్మ సర్వకర్మల సిద్ధికీ ఐదు హేతువులను నిర్దేశించాడు. అవి అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. మనుష్యుడు శరీరంతో గాని, వాక్కుతో గాని, మనస్సుతో గాని ఏ కర్మను ఆరంభించినా, అది ధర్మ్యమైనదైనా తద్విపరీతమైనదైనా, ఈ ఐదింటి కూడిక వల్లనే అది జరుగుతుంది. ఇట్లుండగా కేవలం తానే కర్తనని తలచేవాడి చూపు సరియైనది కాదని కూడా భగవానుడు వెంటనే హెచ్చరించాడు. ఈ శ్లోకాలను నిత్యం పారాయణ చేసేవారు మన పాలమూరు సీమలో ఎందరో ఉన్నారు. వనపర్తిలో నివసించే ఒక వృద్ధుడు కూడా వారిలో ఒకరు. నలభై సంవత్సరాల పారాయణ ఆయనకు బోధపరచని అర్థాన్ని ఒక చిన్న ఆవిరి యంత్రం బోధపరచింది.

ఆయన జన్మస్థలం గద్వాల. తండ్రి నేతపనివాడు. పత్తి ఒడలికి పట్టు అంచును పోగు పోగునా కలిపి నేసే గద్వాల చీరల విద్యలో ఆయన జీవితమంతా గడచింది. కుమారుడికి మాత్రం మగ్గం మీద కంటె రైలు మీద మక్కువ. సికిందరాబాదు నుండి మహబూబునగరం, గద్వాల మీదుగా కర్నూలు వైపు వెళ్లే మార్గం అప్పుడు మీటర్ గేజ్. రెండు పట్టాల నడుమ దూరం సరిగా 1000 మిల్లీమీటర్లు. ఆవిరి ఇంజను స్టేషనులో ఆగి, నీరు త్రాగి, నిట్టూర్చి, మళ్లీ కదిలే ఆ మొదటి క్షణాన్ని చూడడానికి ఆ బాలుడు బడి ఎగవేసేవాడు. అంతటి ఇనుప పర్వతం ఒక్క ఊపిరితో ఎలా కదులుతుందన్నది అతని మొదటి తత్త్వజిజ్ఞాస.

తరువాత ఆయన వనపర్తి చేరారు. సంస్థానాధీశుల రాజప్రాసాదంలో 1959లో వెలసిన కృష్ణదేవరావు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేశారు. అటుపై మరొకచోట, ఒక శిక్షణ సంస్థలో యంత్రశాల బోధకుడిగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు. ఉద్యోగ విరమణ అనంతరం ఇంటి వెనుక గదిలో ఒక పాత నాలుగున్నర అడుగుల లేత్ యంత్రాన్ని ప్రతిష్ఠించుకున్నారు. ప్రతిష్ఠించుకున్నారనడం అతిశయోక్తి కాదు. ప్రతి శుక్రవారం దాని హెడ్‌స్టాక్‌కు పసుపు కుంకుమలు పెట్టేవారు. దసరాకు ఆయుధపూజ చేసేవారు. ఆ గదిలో ఒక ఆవిరి యంత్రపు నమూనాను స్వహస్తాలతో నిర్మించాలన్నది ఆయన సంకల్పం. 25 మిల్లీమీటర్ల వ్యాసంగల ఒకే ఒక సిలిండరు, దానిలో ఒక పిస్టన్, ఒక క్రాంక్, చేతి వెడల్పుకు రెండింతల ఫ్లైవీల్.

చిన్న నమూనా కదా అని దానిని ఆటవస్తువుగా తలచరాదు. జేమ్స్ వాట్ చరిత్ర కూడా ఒక నమూనాతోనే మొదలైంది. 1763-64 ప్రాంతంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలోని న్యూకొమెన్ యంత్రపు నమూనాను మరమ్మతు కోసం ఆయనకు అప్పగించారు. ఆ చిన్న యంత్రం ఆవిరిని అపరిమితంగా మ్రింగివేస్తూ కొద్దిపాటి పని మాత్రమే చేసేది. ప్రతి పోటుకూ సిలిండరును చల్లార్చి మళ్లీ వేడిచేయడంలోనే శక్తి అంతా వ్యర్థమవుతున్నదని వాట్ గ్రహించాడు. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చాలన్న ఉపాయం 1765లో స్ఫురించింది. 1769లో పేటెంటు లభించింది. అయినా యంత్రం వెంటనే సిద్ధించలేదు. పెద్ద సిలిండరును లోపల సమవృత్తంగా తొలచగల విద్య ఆయన చెంత లేదు. ఫిరంగుల గొట్టాలను తొలచడానికి జాన్ విల్కిన్‌సన్ 1774లో రూపొందించిన యంత్రవిధానం ఆ కొరతను తీర్చింది. లోకం వాట్ పేరును స్మరిస్తుంది. విల్కిన్‌సన్ తొలచిన రంధ్రం లేకపోతే ఆ పేరు కాగితం మీదనే నిలిచిపోయేది.

ఈ వృత్తాంతాన్ని ఆ బోధకుడు తన విద్యార్థులకు ఏటా చెప్పేవారు. చెప్పిన మాట తనకు కూడా వర్తిస్తుందని మాత్రం ఆయనకు తోచలేదు. యంత్రంలో ఫ్లైవీల్ కూడా పూర్తికాకముందే ఆయన ఒక ఇత్తడి నామఫలకాన్ని సిద్ధం చేసుకున్నారు. 0.8 మిల్లీమీటర్ల మందంగల రేకును అద్దంవలె మెరుగుపెట్టి, దానిపై 'నిర్మాత' అన్న మాటను, దాని క్రింద తన పూర్తి పేరును చెక్కారు. అది నాలుగేండ్లపాటు యంత్రశాల గోడకు వేలాడుతూ యంత్రం కోసం ఎదురుచూసింది. తండ్రి నేసిన వేల చీరలలో ఒక్కదానిపైన కూడా నేతగాడి పేరు లేదన్న సంగతి అప్పుడు ఆయనకు గుర్తుకు రాలేదు.

క్రాంక్ సిద్ధమైంది. ఫ్లైవీల్ సిద్ధమైంది. ఆవిరిని ఒకసారి ఈ వైపుకు, ఒకసారి ఆ వైపుకు మళ్లించే స్లైడ్ వాల్వ్ కూడా సిద్ధమైంది. సిలిండరు ఒక్కటే మిగిలింది. ఆ సమయంలోనే ఆయన కుడిచేతికి వణుకు మొదలైంది. వైద్యుడు దానిని కంపవాతమన్నాడు. మందులు ఇచ్చాడు. వణుకు తగ్గింది, పోలేదు.

సిలిండరును తొలచడం యంత్రనిర్మాణంలో అత్యంత సున్నితమైన కర్మ. పోత ఇనుప దిమ్మను నాలుగు దవడల చక్‌లో బిగించి, బోరింగ్ బార్ అనే సన్నని కడ్డీ కొనకు అమర్చిన పనిముట్టును రంధ్రం లోపలికి పంపుతారు. కడ్డీ ఎంత దూరం చొచ్చుకొనిపోతే అంతగా వంగుతుంది. అందుచేత చివరి కోత పూర్తయిన తరువాత, కొలతను ఏమాత్రం మార్చకుండా పనిముట్టును అదే మార్గంలో మళ్లీ పంపుతారు. కొత్తగా కోయవలసినది ఏమీ లేదనిపించినా, సన్నని ఇనుప రజను రాలుతూనే ఉంటుంది. కర్మ ముగిసినదనుకున్న తరువాత కూడా మనస్సులో మిగిలి ఉండే వాసనలు ఇటువంటివే. పిస్టన్‌కూ సిలిండరు గోడకూ నడుమ ఉండవలసిన సందు మిల్లీమీటరులో నూరింట రెండు మూడు వంతులు మాత్రమే. అంతకు మించితే ఆవిరి ప్రక్కలనుండి జారిపోతుంది. తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది.

మొదటి దిమ్మ చెడిపోయింది. విద్యుత్తు హెచ్చుతగ్గుల వల్లనని ఆయన భార్యతో అన్నారు. రెండవ దిమ్మ కూడా చెడింది. రంధ్రం ఒకవైపుకు ఒరిగిపోయింది. పోతలో దోషమున్నదని అన్నారు. భార్య ఏమీ అనలేదు. ఆమె ఆయన కాఫీ లోటాను సగానికే నింపి ఇవ్వడం అప్పటికే మొదలుపెట్టింది. ఆయన అది గమనించారు; గమనించనట్లు త్రాగారు.

ఆ సాయంకాలం ఆలయ మండపంలో గీతా పారాయణ పదునెనిమిదవ అధ్యాయానికి వచ్చింది. ఐదు హేతువుల శ్లోకం వినబడగానే ఆయన మనస్సుకు మొదట ఒక ఉపశాంతి కలిగింది. కర్త ఒక్కడే కాదు కదా, పనిముట్టు ఉన్నది, పోత ఉన్నది, విద్యుత్తు ఉన్నది, దైవమున్నది. చెడినదంతా నా వల్లనే చెడలేదు అని తలచారు. మరుక్షణంలో ఆయన దృష్టి లోపలికి మళ్లింది. యంత్రశాల గోడ మీది ఇత్తడి రేకు జ్ఞాపకం వచ్చింది. సిద్ధించిన పనికి ఒక్కడే హేతువు. చెడిన పనికి మాత్రం ఐదు హేతువులు. ఇంతకాలం శాస్త్రాన్ని తాను వాడుకున్న తీరు ఇదేనా అన్న ప్రశ్న ఆయనను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఆ ప్రశ్న వెంట మరొక జ్ఞాపకం కూడా వచ్చింది. అది ఇరవై అయిదేండ్లకు పైబడినది. ఒక ఉదయం శిక్షణశాలలో ఆయనే ఒక ఇనుప దిమ్మను చక్‌లో అమరుస్తూ, సరిచేయడానికి ఒక దవడను వదులు చేశారు. ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్లారు. ఒక విద్యార్థి వచ్చి, పని సిద్ధంగా ఉన్నదనుకొని యంత్రాన్ని నడిపాడు. దిమ్మ ఎగిరిపడింది. పనిముట్టు విరిగింది, లేత్ దిమ్మెపై లోతైన దెబ్బ పడింది. దైవవశాత్తు ఎవరికీ గాయం కాలేదు. ఆయన అందరి ఎదుట ఆ బాలుణ్ణి తిట్టి, యంత్రశాల నుండి వెళ్లగొట్టారు. బాలుడు కొద్దిరోజులు చూశాడు; తరువాత సంస్థకు రావడమే మానుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో కోటు విప్పుతుండగా దాని జేబులో చక్ కీ దొరికింది. దవడను బిగించవలసిన సాధనం రోజంతా తన జేబులోనే ఉన్నది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ చెప్పలేదు. కాలక్రమంలో తనతో తాను కూడా చెప్పుకోవడం మానివేశారు.

ఆ విద్యార్థి ఇప్పుడు నాగర్‌కర్నూలులో లేత్ దుకాణం నడుపుతున్నాడు. బోరు మోటార్ల షాఫ్టులకు, ట్రాక్టర్ల భాగాలకు పాలమూరులో అతడంతటి పనివాడు లేడని ప్రతీతి. ఆ మాట విన్నప్పుడల్లా గురువుగారు ప్రసంగాన్ని వేరొక విషయం మీదికి మళ్లించేవారు. ఆ మరునాడు ఉదయం మాత్రం చెడిన రెండవ దిమ్మను ఒక పాత తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకొని, పల్లెవెలుగు బస్సు ఎక్కారు.

దుకాణంలో అతడు గురువును చూసిన వెంటనే లేచి నిలబడ్డాడు. "కూసోండి సార్" అని, చేతుల నూనె తుడుచుకొని నీళ్లు తెప్పించాడు. గురువుగారు సంచి విప్పలేదు. మొదట చక్ కీ సంగతి చెప్పారు. దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. జరిగినది జరిగినట్లు నాలుగు మాటలలో వచ్చింది.

అతడు కొంతసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత అన్నాడు: "ఆ పొద్దే నాకెరుక సార్. కీ మీ కోటు జేబుల ఉండె. బయటికి కనబడుతుండె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే మీరు వింటుండిరా సార్?"

గురువుగారి వద్ద సమాధానం లేదు. అతడే మళ్లీ అన్నాడు: "తప్పు మీదొక్కరిదే గాదు. మిషన్ నడిపే ముందు చక్‌ను చేత్తోని తిప్పి చూడాలని మీరే చెప్పినారు. నేను చూడలే. మా పిల్లలకు ఇప్పటికీ అదే చెప్త." ఒక క్షణం ఆగి, చూపు లేత్ వైపు తిప్పి, "లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు అర్జీ పెడదామనుకుంటి. ఆ సర్టిఫికెట్ లేకపాయె" అన్నాడు. ఆ మాటలో నింద లేదు. కాని ఆ మాట తేలికైనది కూడా కాదు. సంస్థను విడిచిన తరువాత అతడు హైదరాబాదు చేరి, బాలానగర్ దుకాణాలలో ఏడేండ్లు కూలికి పనిచేసి, విద్య నేర్చి, తన ఊరికి తిరిగి వచ్చాడు.

క్షమాపణ వల్ల గతం మారదు. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో ప్రారబ్ధాన్ని కుమ్మరి చక్రంతో పోల్చారు. ఒకసారి త్రిప్పిన చక్రం, వేగం తీరేవరకు తిరుగుతూనే ఉంటుంది. జ్ఞానం కలిగినా, ఇప్పటికే ఫలమివ్వడం ప్రారంభించిన కర్మ అనుభవంతోనే క్షయమవుతుందని దాని ఆశయం. ఒక బాలుడి జీవితచక్రం ఒకరి కోపం వల్ల, మౌనం వల్ల వేరొక దిశలో తిరిగింది. ఆ చక్రాన్ని వెనుకకు త్రిప్పే శక్తి గురువుకు లేదు. తాను దానిని త్రిప్పిన చేయి ఎవరిదో చెప్పడం మాత్రమే ఆయనకు మిగిలిన ధర్మం. ఐదు హేతువుల ఉపదేశం అపరాధాన్ని నలుగురికీ పంచివేయడానికి ఏర్పడినది కాదు. అహంకారం తొలగాలన్నదే దాని లక్ష్యం. అహంకారం కీర్తిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, తప్పును అంత వేగంగా విదిలించుకుంటుంది. రెండూ ఒకే రోగపు రెండు లక్షణాలు.

అప్పుడు గురువుగారు సంచి విప్పారు. శిష్యుడు దిమ్మను వెలుగుకు ఎత్తి, రంధ్రంలోనుండి చూశాడు. ఒరిగిన భాగమంతా పోవాలంటే రంధ్రాన్ని 27 మిల్లీమీటర్లకు పెంచాలని, దాని కేంద్రాన్ని 0.8 మిల్లీమీటర్లు పైకి జరపాలని లెక్కవేశాడు. పిస్టన్ కూడా కొత్తది చేయాలన్నాడు. చక్‌లో దిమ్మను బిగించాడు. డయల్ గేజిని ఆనించి, ముల్లు కదలకుండా నిలిచేవరకు నాలుగు దవడలనూ సరిచేశాడు. చక్ కీని తీసి, గోడ మేకుకు తగిలించాడు. చక్‌ను చేత్తో ఒక చుట్టు త్రిప్పి చూసి, ఆ తరువాతనే మీట నొక్కాడు. గురువుగారు స్టూలు మీద కూర్చొని చూశారు. యంత్రం ఎదుట చేతులు కట్టుకొని కూర్చోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

పని ముగిసిన తరువాత, "ఎంత ఇవ్వమంటావు?" అని అడిగారు. వద్దంటాడేమోనన్న భయం ఆ ప్రశ్నలో ఉన్నది. "బోరుకు, పిస్టన్‌కు అందరి దగ్గర ఎంత తీసుకుంటనో అంతే ఇయ్యుండ్రి సార్" అన్నాడు శిష్యుడు. ఆయన లెక్కగా ఇచ్చారు. అతడు లెక్కపెట్టి తీసుకున్నాడు.

ఇంటికి వచ్చి భాగాలను కూర్చినప్పుడు మరొక చిక్కు తలెత్తింది. సిలిండరు కేంద్రం 0.8 మిల్లీమీటర్లు పైకి జరిగింది. క్రాంక్‌ను మోసే రెండు బేరింగులు మాత్రం పాత ఎత్తులోనే ఉన్నాయి. రెండూ ఒకే రేఖలో లేకపోతే పిస్టన్ ఒరుసుకొని అరిగిపోతుంది. బేరింగుల క్రింద సరిగా ఆ మందంగల రేకులను పెట్టాలి. యంత్రశాలలో వాటిని షిమ్‌లంటారు. ఆయన తన రేకుల డబ్బాలో వెదికారు. అర మిల్లీమీటరు ఉన్నది, ఒక మిల్లీమీటరు ఉన్నది, 0.8 లేదు. తలెత్తి గోడవైపు చూశారు. మైక్రోమీటరు తెచ్చి నామఫలకాన్ని కొలిచారు. కొలవనవసరం లేదు, ఆ మందం ఆయనకు తెలుసు.

చాలాసేపు ఆ రేకును చేతిలో పట్టుకొని కూర్చున్నారు. తరువాత భార్యను పిలిచి, వైస్‌లో రేకు కదలకుండా పట్టుకోమన్నారు. రంపంతో కోశారు. పేరు రెండు ముక్కలైంది. అంచుల గరుకును ఆకురాయితో పోగొట్టి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క బేరింగు క్రింద అమర్చి మరలు బిగించారు. చెక్కిన అక్షరాలు క్రిందివైపుకు వెళ్లాయి.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మూడు దృష్టాంతాలు చెబుతాడు: మట్టి ముద్ద, బంగారపు ముద్ద, ఇనుముతో చేసిన గోళ్లుకత్తి. కారణమైన లోహాన్ని తెలుసుకుంటే దానినుండి పుట్టిన సమస్తమూ తెలిసినట్లే. మార్పులన్నీ పేరు మాత్రమే అని ఆ మహర్షి ఉపదేశం. నామఫలకమన్న పేరు పోయింది. షిమ్ అన్న పేరు వచ్చింది. ఇత్తడి ఇత్తడిగానే ఉన్నది. మునుపు అది దేనినీ మోయలేదు. ఇప్పుడు యంత్రభారాన్ని మోస్తున్నది.

బాయిలరు ఇంకా కాలేదు కనుక తొలి పరీక్షను టైర్లకు గాలి నింపే చిన్న కంప్రెసరుతో చేశారు. గాలి వదిలారు. యంత్రం కదలలేదు. పిస్టన్ కొనకు చేరి, క్రాంక్, కనెక్టింగ్ రాడ్ ఒకే సరళరేఖలో నిలిచి ఉన్నాయి. దీనిని డెడ్ సెంటర్ అంటారు. ఆ స్థితిలో ఎంత ఒత్తిడి పెట్టినా చక్రం తిరగదు. ఒకే సిలిండరుగల యంత్రం తనంత తాను ఆ బిందువును దాటలేదు. మరొక చేయి కావాలి. ఒకసారి కదిలిన తరువాత ఫ్లైవీల్ తన వేగంతో ప్రతి చుట్టులోనూ దానిని దాటిస్తుంది. ఆయన చూపుడువ్రేలితో ఫ్లైవీల్‌ను తాకారు. వ్రేలు వణుకుతూనే ఉన్నది. ఆ పనికి ఆ వ్రేలు చాలింది. యంత్రం ఒకటి రెండుసార్లు తడబడి, ఊపిరి పుంజుకొని, తిరగసాగింది. ఆ శబ్దంలో ఆయనకు గద్వాల స్టేషను వినిపించింది.

ఎవరు చేశారు దీనిని? అధిష్ఠానమైన శరీరం వణుకుతున్నది. చేతులు ఒక్కరివి కావు. కరణాలలో ఒక లేత్ వనపర్తిది, మరొకటి నాగర్‌కర్నూలుది. చేష్టలలో సగం శిష్యుడివి; రేకును పట్టుకున్న బలం భార్యది. ఇక దైవం. ఆదిత్యాది దేవతలు నేత్రాది ఇంద్రియాలను అనుగ్రహించడమే దైవమని శంకరులు భాష్యం చెప్పారు. అంతర్యామియైన పరమాత్మయే ఆ ఐదవ హేతువని రామానుజులు వివరించారు. లేత్ మోటారును త్రిప్పిన విద్యుత్తు కోసం జూరాలలో ఒక్కొక్కటి 39 మెగావాట్ల 6 యూనిట్లను, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల 6 యూనిట్లను త్రిప్పుతున్నది కృష్ణానది. ఆ నదిని కొండలకెత్తినది సూర్యుడు. దానికి ఆవల ఉన్నవాడిని ఏ మైక్రోమీటరూ కొలవలేదు.

ఇప్పుడు ఆ యంత్రం ఇంట్లో దేవుని గూటికి క్రింద ఉన్న బల్లమీద ఉన్నది. చూడవచ్చినవారు, "ఎవరు చేశారండీ?" అని అడుగుతారు. ఆయన మొదట నాగర్‌కర్నూలు శిష్యుడి పేరు చెబుతారు. తరువాత చక్ కీ కథ చెబుతారు. అది చెప్పేటప్పుడు ఆయన స్వరం ఇప్పటికీ కొంచెం తగ్గుతుంది. ఫ్లైవీల్‌ను తాకి కదిలించమని మాత్రం వచ్చినవారికే అప్పగిస్తారు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.